బాలింతల కుంగుబాటు పరీక్షకు ఏకాంతం దొరకడం లేదు

నెల్లూరు జిల్లా ఉదయగిరి ప్రాంతంలో ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. గర్భిణులలో, బాలింతలలో కుంగుబాటును గుర్తించడానికి, గడచిన 7 రోజుల మనఃస్థితిని 10 ప్రశ్నలతో ఆరా తీసే ఎడిన్‌బరో స్కేలును చదివి వినిపిస్తున్నాను. అందులో 30కి 13 గాని, అంతకు మించి గాని వస్తే వైద్యుని వద్దకు పంపుతాము; తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించిన పదో ప్రశ్నకు సున్నా కాక మరేది వచ్చినా, మొత్తంతో నిమిత్తం లేకుండా వెంటనే చూడాలి.

అయితే బిడ్డ నిద్రపోయినా తాను కన్ను మూయని, కలిపిన అన్నం అలాగే వదిలేసే బాలింత సైతం, అత్తగారో తల్లిగారో గుమ్మంలో కూర్చుని ఉండగా, అన్నింటికీ "బాగానే ఉన్నానమ్మా" అంటున్నది. ఆరు వారాల టీకాల రోజున అంగన్‌వాడీలో అడిగి చూశాను, అక్కడ రద్దీ. కాగితం చేతికిస్తే ఇంట్లోవారే నింపుతున్నారు, ఇది మరీ ఇబ్బంది.

ఇంటివారికి అనుమానం రాకుండా, బాలింతతో పది నిమిషాలు విడిగా మాట్లాడే వీలును మీరు ఎలా కల్పించుకుంటున్నారు?