యుద్ధపు ఫోటోలు బడి పిల్లలకు చూపించాలా?

పర్లాకిమిడి మాస్టారు:
మా ఎనిమిదో తరగతి పిల్లలు యుద్ధాల మీద చిన్న ప్రదర్శన పెట్టారు. అందులో వియత్నాంలో 1972 జూన్ 8న తీసిన ఫోటో ఒకటుంది. ఒంటికి అంటుకుని మండే నాపామ్ బాంబుకు బట్టలు కాలిపోయి, ఏడుస్తూ రోడ్డు మీద పరుగెత్తుతున్న తొమ్మిదేళ్ల పిల్ల. మధ్యాహ్నానికల్లా ఒక తండ్రి వచ్చి దాన్ని గోడ మీంచి తీయించారు. నేను అడ్డు చెప్పలేకపోయాను. రాత్రంతా అదే ఆలోచన. తీయడం సరైనదేనా?

గుణుపురం అక్క:
సరైనదే మాస్టారూ. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. ఆ పిల్ల పేరు కిమ్ ఫుక్. ఎదిగే వయసులో ఆ ఫోటో అంటేనే తనకు అసహ్యంగా ఉండేదని ఆమే చెప్పింది. వద్దనడానికి ఆ రోజు ఆమెకు వీలెక్కడిది? దాన్ని తీసింది నిక్ ఉట్ అని యాభై ఏళ్లు చెప్పుకున్నాం. 2025లో, పత్రికా ఫోటోలకు బహుమతులిచ్చే వరల్డ్ ప్రెస్ ఫోటో సంస్థ, తీసింది ఆయనేనా అన్న అనుమానంతో ఆ పేరును పక్కన పెట్టింది. ఆయన పనిచేసిన అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ మాత్రం మార్చలేదు. ఫోటో ఎవరిదన్న తగవులో ఇంతమంది ఉన్నారు. కాలిన వీపు ఆమె ఒక్కదానిదే.

రాయగడ పాఠకుడు:
2016లో ఫేస్‌బుక్ కూడా ఇదే ఫోటోను నగ్నచిత్రమని తొలగించింది. నలువైపులా విమర్శలు వచ్చాక తిరిగి పెట్టింది. తప్పు బాంబుదా, ఫోటోదా?

బరంపురం అమ్మాయి:
అక్కా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఫోటో లేకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను.

మాది గోపాల్‌పూర్ రేవులో ఓడ ఎక్కి రంగం వెళ్లిన కుటుంబం. బర్మాలోని రంగూన్‌ను మా పెద్దలు చివరిదాకా రంగం అనే అన్నారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు ఆ ఊరి మీద బాంబులు వేశాయి. ఓడల్లో చోటు దొరకనివాళ్లు ప్రోమ్ మీదుగా అరకాన్ కొండలెక్కి మన దేశం వైపు నడిచారు. కలరా సోకి, తాగడానికి నీళ్లు లేక ఎందరో దారిలోనే రాలిపోయారు. ఆ గుంపుల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు.

ఆ నడకలో మావాళ్లను ఎవరూ ఫోటో తీయలేదు. మాకు మిగిలింది అంతకుముందు రంగంలో స్టూడియోలో తీయించుకున్నది ఒక్కటే. పేము కుర్చీలో మా ముత్తవ్వ, ఒడిలో ఏడాది పిల్లవాడు. ఆ పిల్లవాడు ఇల్లు చేరలేదు. ఇంటికొచ్చినవాళ్లకు ఆమె ఆ ఫోటో చూపించేటప్పుడు బొటనవేలు సరిగ్గా వాడి మీదే ఉంచేదని మా నాయనమ్మ చెప్పేది. ఇప్పుడు అక్కడ కాగితం నునుపెక్కి, ముఖం చెరిగిపోయి, తెల్లటి మచ్చ ఉంది. వాడి పేరు మాలో ఎవరికీ తెలియదు. నేను చదివిన పాఠ్యపుస్తకాల్లో ఆ నడక గురించి ఒక్క వాక్యం లేదు. చూపించేందుకు ఏదో ఒకటి ఉంటే, ఎవరో ఒకరు అడిగేవారు కదా!

అందుకే తీసేయమనను. కానీ మాస్టారూ, గోడ మీద ఆ ఒక్క రోజే ఉంటే పిల్లలకు సగమే తెలుస్తుంది. ఆ కాలిన మచ్చలకు కిమ్ ఫుక్ 2022లో కూడా, అంటే యాభై ఏళ్లకు, మయామీలో లేజర్ చికిత్స చేయించుకుంది. ఆ సంగతి కింద రాయించారా?

గుణుపురం అక్క:
అమ్మా, మీ ముత్తవ్వ బొటనవేలు నా మాటే చెబుతోంది. తన బిడ్డను ఎవరి కంట పడనివ్వాలో ఆమే తేల్చుకుంది.

బరంపురం అమ్మాయి:
ఇన్నేళ్లూ నాకు ఈ ఆలోచన రాలేదు అక్కా. కాదనలేను. అయినా ఆమె దాన్ని పెట్టె అడుగున దాచేయలేదు. వచ్చినవాళ్లందరికీ తీసి చూపించేది.

గుణుపురం అక్క:
అయితే ఇది పెట్టండి. 1995లో జో మెక్‌నాలీ తీసిన ఫోటో ఉంది. కిమ్ ఫుక్ చేతుల్లో పసిబిడ్డ, కాలిన వీపు మన వైపు. అప్పటికి ఆమె పెద్దది, తానే ఒప్పుకొని కూర్చుంది. దానికి నాకు అభ్యంతరం లేదు.

పర్లాకిమిడి మాస్టారు:
కింద ఏమీ రాయించలేదమ్మా, ఊరి పేరు, తేదీ తప్ప. ఆ తప్పు నాది. రెండూ పక్కపక్కన పెట్టాలని ఉంది. ముందు ఆ తండ్రి ఇంటికి వెళ్లి కొత్తది చూపిస్తాను. పాతది ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది. ఆయన సరేనంటే గానీ బయటకు తీయను.