అప్‌డేట్: మా కంపెనీ డైవర్సిటీ పాలసీలో కులం చేర్చమని అడిగేశా

నేను సియాటిల్‌లో యోగా, మెడిటేషన్ క్లాసులు నడిపే ఒక వెల్‌నెస్ కంపెనీలో చేస్తున్నా. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుణ్ని పోలీసులు చంపాక మా కంపెనీవాళ్లు యాంటీ రేసిజం కమిట్‌మెంట్ అని పెద్ద స్టేట్‌మెంట్ ఇచ్చారు, అందులో రంగు, జెండర్ అన్నీ ఉన్నాయి, కులం మాత్రం లేదు. టీమ్‌లో మన తెలుగాయనే ఒకాయన లంచ్ దగ్గర ఇంటిపేరేంటి, ఏ ఊరు, మీరేమిట్లు (అంటే ఏ కులం) అని ఆరా తీసి ఆ తర్వాత నాతో మాట్లాడ్డమే తగ్గించేశాడు, హెచ్ఆర్‌కి చెప్పాలా వద్దా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా.

చెప్పేశానండీ. సిటీ చట్టం చూపించమని మీలో ఒకరన్నారు, అదే పనిచేసింది. 2023 ఫిబ్రవరిలో అప్పటి కౌన్సిల్ సభ్యురాలు క్షమా సావంత్ పెట్టిన ఆర్డినెన్స్‌ని సియాటిల్ కౌన్సిల్ 6-1తో పాస్ చేసింది, కుల వివక్షని నిషేధించిన మొదటి అమెరికా నగరం ఇదే. హెచ్ఆర్ ఆవిడకి కులం అంటే ఏంటో తెలీదు, అయినా ఓపిగ్గా విని, లీగల్ వాళ్లతో మాట్లాడి పాలసీలో చేర్పించింది. కాలిఫోర్నియా ఆఫీసుకి కూడా వర్తిస్తుందట, అక్కడ కుల వివక్షని నిషేధించే ఎస్‌బీ 403 బిల్లుని గవర్నర్ న్యూసమ్ 2023 అక్టోబర్‌లో ఉన్న చట్టాలే చాలని వీటో చేశాడు కాబట్టి కంపెనీ రూల్ అక్కడే ఇంకా అవసరం అని నాకనిపిస్తుంది.

బాధేంటంటే యోగా మనదని గర్వంగా చెప్పుకునేవాళ్లే కొందరు "ఈ గొడవ ఇక్కడిదాకా తెచ్చావా" అన్నారు. తెచ్చింది నేను కాదు, ఇంటిపేరు ఆరా తీసినవాళ్లు.

నా కంప్లైంట్ ఇంకా నడుస్తోంది. వచ్చే నెల మేనేజర్లకి ట్రైనింగ్ ఉంది, అందులో దళిత ఉద్యోగుల అనుభవాలు పేర్లు బయటపడకుండా ఎలా చెప్పించాలో తెలిసినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.