అప్‌డేట్: నాది కాని క్రెడిట్ కార్డు బాకీ, లాయరు నోటీసు

నేను చేయని లావాదేవీని బిల్లులో వేసి, వడ్డీ కలిపి బ్యాంకు లాయరు నోటీసు పంపితే నేనే కేసు వేయొచ్చా అని అడిగాను కదా. వేయొచ్చు, కానీ వరుస తప్పకూడదు.

ముందు బ్యాంకుకు రాతపూర్వక ఫిర్యాదు. కస్టమర్ కేర్‌తో మాట్లాడి ఊరుకుంటే చాలదు, ఫిర్యాదు నంబరూ తేదీ చేతిలో ఉండాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, తిరస్కరించినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే అధికారి) వెళ్లొచ్చు, ఫీజు లేదు. అదే వివాదం అప్పటికే కోర్టులోనో వినియోగదారుల కమిషన్‌లోనో ఉంటే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు. తొందరపడి కేసు వేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. కమిషన్‌కు వెళ్లాలంటే గడువు 2 ఏళ్లు.

బ్యాంకు జవాబు సాధారణంగా ఒక్క ముక్కే: "ఓటీపీతో జరిగింది." అక్కడ ఆగొద్దు. ఏ నంబరుకు, ఎన్ని గంటలకు ఓటీపీ వెళ్లింది, సరుకు ఏ చిరునామాకు చేరింది అని రాతలో అడగాలి. అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యతను రుజువు చేయాల్సింది బ్యాంకేనని ఆర్‌బీఐ 2017 సర్క్యులర్‌లో చెప్పింది.

అసలు ఉచ్చు రికవరీ ఏజెంటు మాట: "ఎంతో కొంత కట్టండి, ఆపేస్తాం." బాకీ దావాకు కాలపరిమితి 3 ఏళ్లు, అది ముగియకముందే రాతలో నమోదయ్యేలా కొంత కడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పైగా బాకీ ఒప్పుకున్నట్టు వాదిస్తారు.

లాయరు నోటీసుకు అంశాలవారీగా ఖండిస్తూ స్పీడ్ పోస్టులో జవాబివ్వాలి. కోర్టు సమన్లు వేరు. వాటిని పట్టించుకోకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మన వాదన వినకుండానే తీర్పు, వచ్చేస్తుంది.