ఫాస్ఫేట్‌ని అతికిస్తామా, తగిలిస్తామా?

మా పెద్దమ్మకి నెమ్మదిగా ముదిరే రకం రక్త క్యాన్సర్, సీఎంఎల్ అంటారు. రోజూ ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటుంది. అది ఒంట్లో ఏం చేస్తుందో తెలుగులో రాసిద్దామని కూర్చుంటే ‘ఫాస్ఫారిలేషన్’ దగ్గర, అంటే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ అనే భాస్వరం ముక్క చేరడం దగ్గర, ఆగిపోయాను. ‘భాస్వరీకరణం’ అని రాస్తే, భస్మం చేస్తుందా అని టెన్షన్ పడింది. పోనీ ‘ప్రోటీన్‌లో మార్పు’ అందామంటే, జన్యువులో వచ్చేదాన్నీ మార్పే అంటున్నాం కదా. ఈ జబ్బులో 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యువు పుడుతుంది, ఇక ఆ కణంలో అది ఉండిపోతుంది. ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ చేరడం అలాంటిది కాదు, ఒక ఎంజైము పెడుతుంది, ఇంకొకటి తీసేస్తుంది. ‘అతికించడం’ అంటే సరిపోతుందా?

జవాబు: అతికించడం వద్దండీ, అతికించింది ఊడదీస్తే చిరుగుతుంది. ‘తగిలించడం’ అనండి. చొక్కా చిలక్కొయ్యకి తగిలిస్తాం, కావాలంటే తీసుకుంటాం, చొక్కాకీ కొయ్యకీ ఏమీ కాదు. మామూలు ఏబీఎల్ ఎంజైము అవసరమైనప్పుడే, కణం శక్తికి వాడుకునే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్ తీసి వేరే ప్రోటీన్‌కి తగిలిస్తుంది. బీసీఆర్-ఏబీఎల్ జన్యువు నుంచి వచ్చే ఎంజైముకి ఆగడం తెలీదు, తగిలిస్తూనే ఉంటుంది, పెరగమన్న కబురు కణానికి ఆగకుండా అందుతుంది. ఇమాటినిబ్ వెళ్ళి సరిగ్గా ఏటీపీ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది, ఇక తగిలించడానికి ఎంజైము చేతిలో ఏమీ ఉండదు. అమెరికాలో 2001లో అనుమతి వచ్చిన మందు ఇది.

ఇంకో జవాబు: ‘తగిలించడం’ బాగుంది. కానీ భాస్వరాన్ని పూర్తిగా వదిలేయకండి, భాస్వరమంటే మెరిసేదని అర్థం. ఆ ఏటీపీని కండరంలోంచి వేరుచేసి 1929లో ప్రకటించినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారు, ఆ మాట పెద్దమ్మగారికి తప్పకుండా చెప్పండి. ఇలాగే ప్రోటీన్లకి చేరే ఇంకొకటి, యుబిక్విటిన్, దానికి మాత్రం ‘చీటీ కట్టడం’ అనాలనిపిస్తుంది. 76 అమైనో ఆమ్లాల ఆ చిన్న ప్రోటీన్ గొలుసుగా చేరితే, చేరిన ప్రోటీన్‌ని కణం ముక్కలు చేసేస్తుంది. కణానికి కాపలా కాసే పీ53 అనే ప్రోటీన్‌కి ఎండీఎం2 అనే ఎంజైము ఈ చీటీ అతిగా కడితే కాపలా పోయినట్టే, కొన్ని క్యాన్సర్లలో జరిగేది అదే.

అందరికీ థాంక్సండీ. ‘తగిలించడం’ అనే రాశాను. పెద్దమ్మ చదివి, ‘అయితే మాత్ర మానేస్తే అది మళ్ళీ తగిలించడం మొదలెడుతుందన్నమాట’ అంది. డాక్టరు చెప్పకుండా మానొద్దని కింద ఇంకో వాక్యం చేర్చాను.