భారత జూనియర్ ఫుట్‌బాల్ రికార్డు: ఆతిథ్య ప్రవేశాన్ని ఎలా రాయాలి?

అందరికీ నమస్కారం. మన అండర్-17, అండర్-20 జట్ల పోటీ రికార్డును తెలుగులో ఒక పట్టికగా రాస్తున్నాను. రెండు చోట్ల మీ సలహా కావాలి.

మొదటిది 2017 అండర్-17 ప్రపంచకప్. ఆతిథ్య దేశం కాబట్టి మనకు నేరుగా చోటు దక్కింది. ఢిల్లీలో అమెరికా చేతిలో 0-3, కొలంబియా చేతిలో 1-2, ఘనా చేతిలో 0-4తో ఓడాం. కొలంబియాపై జీక్సన్ సింగ్ కొట్టిన హెడర్ ప్రపంచకప్‌లో భారత్ తొలి గోల్, దాన్ని పట్టికలో ప్రత్యేకంగా చూపించి తీరాలి! అయితే ఈ ప్రవేశాన్ని ‘అర్హత’ గడిలో వేయాలా, ‘ఆతిథ్యం’ అని విడిగా రాయాలా? 2018 అండర్-16 ఆసియా టోర్నీలో కుర్రాళ్లు క్వార్టర్స్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-1తో ఓడి, ఒక్క గెలుపు దూరంలో అండర్-17 ప్రపంచకప్ బెర్తు పోగొట్టుకున్నారు. రెండింటినీ ఒకే గాటన కట్టడం నాకు అన్యాయమనిపిస్తోంది.

రెండోది 1974 ఆసియా యూత్ టైటిల్. ఇరాన్‌తో ఫైనల్ 2-2తో ముగిసి ఇద్దరూ సంయుక్త విజేతలయ్యారు. ఆ మ్యాచ్‌ను డ్రాగా లెక్కిస్తూనే టైటిల్ మన ఖాతాలో వేయవచ్చా? బ్యాంకాక్‌లో జరిగిన ఆ టోర్నీ గురించిన పాత పత్రికల కత్తిరింపులు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి చెప్పండి.