‘ఫాల్ అవుట్ విత్’: డబ్బు దగ్గర ‘ఫర్’ ఎందుకు తప్పు?

ప్రశ్న (తిరుపతి):
మాక్ టెస్టులో ఖాళీలు పూరించమన్నారు: ‘షీ ఫెల్ అవుట్ ___ హర్ సిస్టర్ ___ ద మనీ.’ మొదటిదానికి ‘విత్’ సరే. రెండోదానికి ‘ఫర్’ తప్పట, కీలో ‘ఓవర్’ ఉంది. ఎందుకు? బస్సులో సీటు కోసం ఎవరితోనో గొడవైనా ఇదే వాడొచ్చా?

జవాబు 1:
మనిషికి ‘విత్’, తగవుకు మూలమైన విషయానికి ‘ఓవర్’ లేదా ‘అబౌట్’. మనం ‘డబ్బు కోసం’ అనుకుని రాస్తాం, అందుకే ‘ఫర్’ వచ్చిపడుతుంది. ‘భూమి విషయంలో’ అనుకుంటే ‘ఇన్’ వస్తుంది, అదీ తప్పే.

బస్సు గొడవకు పనికిరాదండి. ముందు స్నేహమో చుట్టరికమో ఉండి, అది చెడాలి. ‘వాళ్లిద్దరికీ చెడింది’ అంటాం చూడండి, సరిగ్గా ఆ అర్థం. చిల్లర దగ్గర కండక్టరుతో మాటామాటా పెరిగితే ‘హ్యాడ్ యాన్ ఆర్గ్యుమెంట్ విత్’ చాలు. చిత్తూరు వైపు మామిడితోట పంపకాల్లో అన్నదమ్ములు మాటలు మానేస్తే మాత్రం ‘ద బ్రదర్స్ ఫెల్ అవుట్ ఓవర్ ద ఆర్చర్డ్’. ఇద్దరూ కర్తలోనే ఉన్నారు గనక ‘విత్’ అక్కర్లేదు.

జవాబు 2:
పరీక్షలో మార్కులు పోయేది క్రియారూపాల దగ్గర. ఫాల్, ఫెల్, ఫాలెన్. ‘ఫెల్డ్’ అని రాస్తే చెట్టు నరికినట్టు! ఇప్పటికీ మాటల్లేవంటే ‘దే హావ్ ఫాలెన్ అవుట్’. ‘ఇన్ 2019’ అని ఏడాది చెబితే ‘హావ్’ తీసేసి ‘ఫెల్ అవుట్’ అనాలి. దీనికి కర్మ ఉండదు, కాబట్టి ‘ఫెల్ అవుట్ హిమ్’ కుదరదు. రాజీ పడితే ‘దే మేడ్ అప్’.

ప్రశ్న వేసినవారు:
థాంక్సండీ. మీటింగులో మేనేజరు మాట ఒప్పుకోకపోతే?

జవాబు 3:
అది ‘డిసగ్రీడ్ విత్’ మాత్రమే. అభిప్రాయం కలవకపోయినా టీ కలిసే తాగుతారు కదా. ఆఫీసు లెటర్లో ‘ఫెల్ అవుట్’ రాయకండి, మాటల్లో వాడేది.

ఇంకోటి. అమెరికా వాళ్లు ఎక్కువగా ‘హ్యాడ్ ఎ ఫాలింగ్ అవుట్’ అంటారు. ‘ఫాలౌట్’ అని ఒకే పదంగా కలిపి రాస్తే అణు ధూళి, లేదా ఒక పని తర్వాత వచ్చే చెడు పర్యవసానం. ‘హెయిర్ ఫెల్ అవుట్’ అంటే జుట్టు రాలిందనే, ఎవరితోనూ తగవు లేదు.