డయాలసిస్ రోజుల్ల దేవుని మీద భారం వేసుడెట్ల?

పరకాల పత్తిచేను:
అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్, పూటకు నాలుగు గంటలు. పైన పత్తి మీద తెచ్చిన అప్పు. దేవుని మీద భారం వేసినమని నోటితోని అంటున్నం గని, దీపం ముంగట కూసున్నా మిత్తి లెక్కలే తిరుగుతున్నయి. ఇంట్ల తలొకరు తలో మొక్కు చెప్తున్నరు. భారం వేసుడంటే రోజూ ఏం చేయాలె?

భద్రకాళి గట్టు:
ముందుగాల భారాన్ని విడదీయాలె. కాయితం మీద నడిమిట్ల గీత గీయుండ్రి. ఎడమ దిక్కు మీ చేతులున్న పనులు: ఆరోగ్యశ్రీ కాయితాలు, బ్యాంకుకు పోయి గడువు అడుగుడు, పత్తి మంచిగ ఆరబెట్టుడు (సర్కారు పత్తి కొనే సీసీఐ కాడ తేమ 8 శాతం దాటితే ధర కోస్తరు, 12 దాటితే కొనరు). కుడి దిక్కు మీ చేతుల లేనివి: వచ్చే పరీక్షల ఏమొస్తది, వాన ఎప్పుడు పడ్తది. దేవుని ముంగట పెట్టేది కుడి దిక్కుదే. ఎడమ దిక్కుది గూడ ఆయన మీదనే వేస్తే పని ఆగుతది, భయం రెట్టింపైతది. మన బమ్మెర పోతన చెప్పిన ఏనుగు గూడ బలమున్నంత సేపు మొసలితోని కొట్లాడినంకనే పిలిచింది.

ఇగ కూసునుడు. పొద్దుగాల 15 నిమిషాలు, ఒకటే జాగ, ఒకటే యాళ్ళ. ఒక ఊపిరికి ఒక నామం, 108 సార్లు. మామూలు ఊపిరికి ఏడెనిమిది నిమిషాలు పడ్తది. మూడు నిమిషాలల్లనే అయిపోయిందంటే నాలుక ఉరుకుతున్నది, మనసు మిత్తి కాడ్నే ఉన్నది. లెక్క మతికొస్తే బలవంతంగ నూకేయొద్దు, ఇంకింత గట్టిగ వస్తది. పక్కన కాయితం మీద ఒక్క మాట రాసి, మళ్ళ అదే పూస కాడ మొదలువెట్టుండ్రి.

జంపన్నవాగు:
మొక్కుల గురించి. భయంల మొక్కిన పెద్ద మొక్కు తర్వాత ఇంకో అప్పైతది. మేడారంల సమ్మక్కకు మొక్కే నిలువెత్తు బంగారమంటే మనిషి బరువంత బెల్లం. 55 కిలోల మనిషైతే 55 కిలోలు, పైన బండి కిరాయి. మేడారం పెద్ద జాతర రెండేండ్లకోసారి మాఘ పున్నమికి. అప్పటిదాక "తీర్చలే" అన్న గుబులు మోయాలె. అందరు కూసొని ఒకటే మొక్కు ఖరారు చేసుకోండ్రి, అప్పు చేయకుండ తీరేది.

ముడుపుకు జానెడు కొత్త తెల్లగుడ్డ పసుపునీళ్ళల్ల ముంచి ఆరబెట్టాలె. 11 రూపాయలు, చిటికెడు అక్షింతలు వేసి మూడు ముళ్ళు వేయాలె. రోజూ అడిగేది మాత్రం చిన్నగ ఉండాలె. "అంత మంచిగ గావాలె" అంటే మనసుకు పట్టు దొరకదు. "ఈయాల్టి డయాలసిస్‌ల బీపీ పడిపోకుండ చూడు తల్లీ" అంటే దొరుకుతది.

వార్డు సిస్టర్:
గుడి నుంచి తెచ్చిన కొబ్బరినీళ్ళు, అరటిపండు అమ్మకు ఇవ్వకండి, దయచేసి. రెండింటిలోనూ పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండె లయ తప్పుతుంది. తీర్థం ఉద్ధరిణెడు చాలు, అదీ రోజు తాగే నీళ్ళ లెక్కలోనే. ప్రసాదం ఆమె కళ్ళకద్దుకుంటే మీరు తినండి, లోపమేం లేదు. షుగర్ మందులుంటే ఒక్కపొద్దులు అసలే వద్దు, ఆమె తరఫున మీరుండండి.

ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి రక్షదారం, కంకణం కట్టకూడదు. బిగిస్తే రక్తం ఆగి ఫిస్టులా మూసుకుపోవచ్చు. రెండో చేతికి కట్టండి. కాళ్ళు గుంజినప్పుడు, కళ్ళు తిరిగినప్పుడు నామం చెప్పమని ఆమెను బలవంతపెట్టొద్దు. ముందు సిస్టర్‌ని పిలిచి, ఆ రెండో చెయ్యి పట్టుకుని మీరే మెల్లగా అనండి.

కాజీపేట చర్చి వీధి:
ప్రార్థన ఏ గుడిలోనైనా, ఏ చర్చిలోనైనా ఈ వరుస పనికొస్తుంది. ముందు బాధ ఉన్నదున్నట్టు చెప్పాలి, తర్వాత ఒక్క కోరిక, చివర ఈ రోజు అందిన మేలు పేరుపెట్టి కృతజ్ఞత. బాధను మింగేసి కృతజ్ఞతతో మొదలుపెడితే ప్రార్థన పైపైనే పోతుంది. రెండు వారాలుగా నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, పైసలు లేవు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. డాక్టరు చెయ్యి పట్టుకోవడమూ దేవుణ్ని నమ్మడమే.

పరకాల పత్తిచేను:
ఫిస్టులా చేతికే దారముండె, ఇప్పుడే తీసినం. రాజన్నకు కోడె మొక్కు ఇప్పటికే మొక్కినం, ఎట్ల?

జంపన్నవాగు:
గడువు చెప్పి మొక్కకపోతే తొందర లేదు. కోడెను కొనాల్సిన పని గూడ లేదు. వేములవాడల టికెట్ తీసుకుంటే దేవస్థానం కోడెనే ఇస్తరు, గుడి చుట్టు తిప్పి కట్టేస్తే మొక్కు తీరినట్టే. పత్తి పైసలు చేతికచ్చినంక పోండ్రి.